మందు సంచికి ముద్ర పడకమున్ను

ఖరగ్‌పూర్ తెలుగు గృహములలో ఉద్యోగమన్న రైల్వేయే యను భావము, బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమున మన పెద్దలు వర్క్‌షాపునకు వచ్చి చేరిన నాటినుండి వేరూనియున్నది. ఐనను నియామక ప్రకటనలకై యెదురుచూచు యువకులు, తమ వీధిలోనే మందుల సంచులతో తిరుగు మోటారుసైకిళ్లను చూచి, ఆ వృత్తిలో గౌరవస్థానమేదియో విచారింపవలెను. అది సంచి మోయువానిది కాదు. ముద్ర పడకమున్ను మందును వైద్యుని చీటీతో సరిచూచు ఫార్మసిస్టుది.

1948 నాటి ఫార్మసీ చట్టము 42వ సెక్షను ననుసరించి, చీటీపై మందునిచ్చు అధికారము, తన రోగికి తానే యిచ్చు వైద్యుని విడిచినచో, నమోదైన ఫార్మసిస్టునకే గలదు. కరోనా కాలమున 2020 మార్చి 26న కేంద్రప్రభుత్వము లైసెన్సు గల దుకాణములకు ఇంటింటికి మందు చేర్చుటకు అనుమతి నొసగినను, రోగియు దుకాణమును ఒకే రెవెన్యూ జిల్లాలో నుండవలెనని కట్టడి చేసెను. ఆ లెక్కన కంసావతి నదికి ఆవలనున్న మేదినీపూర్ దుకాణము మన నింపురాకు పంపవచ్చును గాని, 2002లో వేరు జిల్లాయైన తమ్లుక్‌నుండి పంపరాదు.

పనితనమెల్ల బల్ల యొద్దనే తెలియును. ఇన్సులిన్ 2 నుండి 8 డిగ్రీల నడుమ నుండవలెను. మే నెల మధ్యాహ్నమున గోల్‌బజారునుండి బయలుదేరు కుఱ్ఱవాడు మంచుపొదిని సీసాకు తాకించి కట్టెనా, ఎండకు చెడునని వెఱచిన మందు గడ్డకట్టి చెడును; కరగిన పిమ్మట చూపునకు మాత్రము యథాతథముగ నుండవచ్చును. నడుమ గుడ్డ మడిచి పెట్టించి, కట్టువఱకు కనిపెట్టియుండి, పిదప ఫోనులో “మామ్మగారూ, ఫ్రిజ్జులో పెట్టండి, పైన ఐసు గదిలో మాత్రం కాదు” అని తెలుగున చెప్పగలవాడు మన ఊరిలో ఎంత అవసరమో, బెంగాలీ చీటీ చదువలేని ముదుసలులనే అడుగుడు.

చదువు దుర్లభము కాదు: డి.ఫార్మ్ రెండేండ్లు, ఆపై 500 గంటల శిక్షణ, 2022 నిబంధనలు తెచ్చిన ఎగ్జిట్ పరీక్ష. మన ఐఐటీకి ఈడైన 1951 నాటి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఫార్మసీ శాఖలో చదివి వచ్చినను, ఇచట పనికి పశ్చిమ బెంగాల్ కౌన్సిల్ పట్టికలో పేరుండవలెను. ఆ నమోదు పట్టాను దుకాణపు గోడకు వ్రేలాడదీయనిచ్చి, తాను రాకయే నెలకింతయని పుచ్చుకొను దురాచారమునకు లోబడకుడు. పొరపాటు జరిగిననాడు అధికారి చదువునది గోడమీది పేరే.

ఉద్యోగమునకు పిలిచినవారిని, జీతము మాటకు మున్ను, రాత్రిపాళీలో సరిచూచువారెవరనియు, మందు మాఱిపోయినచో వ్రాయు పుస్తకమేదనియు అడుగుడు. ఏడాది పొడుగున ఒక్క పొరపాటును నమోదుకాని పుస్తకము చూపిరా, మఱి నాలుగు ప్రశ్నలడిగి గాని చేరవలదు.