వితంతువు నేర్పే పాఠం



ప్రభుత్వ విధానాల వెనుక ఒత్తిడి వర్గాలుంటాయి. సారా విషయమే చూడండి. ఒకవైపు వేలం పాడే కాంట్రాక్టర్లు, ఖజానాకు వారిచ్చే ఆదాయం. మరోవైపు నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకొన్న పేద స్త్రీలు. 1992లో వారు దుకాణాలు మూయించారు. చుట్టుపక్కల స్త్రీలు కదిలి వేలంపాటలు అడ్డుకొన్నారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. అయితే 1997లో నిషేధం సడలింది. ఉద్యమం చల్లారింది; ఖజానా అవసరం చల్లారలేదు.

లూకా సువార్త 18వ అధ్యాయంలోని వితంతువు న్యాయం దొరికేదాకా న్యాయాధిపతి గడప విడువలేదు. మన సికింద్రాబాదు విచారణల సంఘాలు ఒక్క వినతిపత్రంతో ఆగరాదు.

ఆలోచించండి: మీ బస్తీ తరఫున చివరిసారి ఇచ్చిన అర్జీ ఏమైంది? మళ్లీ వెళ్లి అడిగినవారెవరు?