హిమసీమలో నిపుణుల వలస, శీతకాల విహారము

కెనడా దేశపు ఆంటారియో ప్రావిన్సున, గ్రాండ్, స్పీడ్ నదుల సంగమమున నెలకొనిన కేంబ్రిడ్జ్ నగరము, గాల్ట్, ప్రెస్టన్, హెస్పెలర్ అను పురములు 1973లో ఏకమగుటచే ఏర్పడినది; ఇంగ్లండునందలి విద్యానగరముతో దీనిని పొరబడరాదు. 1988లో ఇచ్చట ఉత్పత్తి నారంభించిన టయోటా కార్ల కర్మాగారము ఈ నగర ప్రాముఖ్యమునకు ఒక ప్రధాన కారణము.

ఇట్టి నగరములకు నిపుణులు వలసపోవు మార్గమునకు ఒక చరిత్ర గలదు. పూర్వము జాతిని, స్వదేశమును బట్టి వలసదారుల నెంచుకొనిన కెనడా, 1962లో ఆ వివక్షను చాలవరకు తొలగించి, 1967లో విద్య, వయస్సు, వృత్తినైపుణ్యము, భాషాజ్ఞానములకు మార్కులు వేయు పద్ధతిని ప్రవేశపెట్టెను. మన తెలుగు ఇంజనీర్లకు, వైద్యులకు అచ్చట స్థిరపడు యోగ్యత పుట్టువును బట్టి గాక ప్రతిభను బట్టి సిద్ధించుటకు ఈ సంస్కరణమే మూలము. నిపుణుల నెన్నుకొనుటకై 2015 జనవరిలో ఆరంభమైన ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ విధానమున అభ్యర్థికి గరిష్ఠముగా 1200 పాయింట్లు లభింపవచ్చును. క్యుబెక్ మాత్రము 1991 నాటి ఒప్పందము ననుసరించి తన నిపుణ వలసదారులను తానే ఎన్నుకొనును.

ఇక శీతకాల విహారమునకు కేంబ్రిడ్జ్ వాసులు పొరుగున కిచెనర్ నగరమందలి చికోపీ కొండపై స్కీయింగునకు పోవుదురు. దేశరాజధాని ఒట్టావాలో, 2007లో యునెస్కో వారసత్వ స్థలమైన రిడో కాలువ, గడ్డకట్టినపుడు 7.8 కిలోమీటర్ల స్కేటింగు బాటయగును. 1979 నుండి అచ్చట వింటర్‌లూడ్ ఉత్సవము జరుగుచున్నది. అయితే 2022–23 శీతకాలమున మంచు చాలినంత గట్టిపడమిచే, 1970లో బాట ఆరంభమైన పిమ్మట తొలిసారిగా, అది తెరువబడనే లేదు.