హక్కుల కేసుల్లో పనిచేయాలనుకుంటే

మ్యాన్‌హోల్‌లో దిగి చనిపోయిన కార్మికుల కుటుంబాలకు 10 లక్షల చొప్పున పరిహారం ఇవ్వాలని 2014 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. బెజవాడ విల్సన్ తదితరులు నడిపే సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో వేసిన కేసు అది. 2023లో మరో కేసులో కోర్టు ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. అయినా తీర్పు కాపీ పట్టుకెళ్లగానే చెక్కు చేతికి రాదు. ఆ మనిషిని లోపలికి దింపిందెవరు, కాంట్రాక్టరుకు పని అప్పగించింది ఏ శాఖ, ఎఫ్‌ఐఆర్‌లో ఏ సెక్షన్లు పెట్టారు, పోస్టుమార్టం రిపోర్టులో మరణానికి కారణం ఏమని ఉంది... అన్నీ కాగితం మీద తేలాలి. ‘కాలు జారి పడ్డాడు’ అని రాసి ఉంటే భార్యాబిడ్డలు మళ్లీ మొదటికి రావాల్సిందే. ఆ కాగితాలు సంపాదించి, బస్తీకి వెళ్లి, సాక్షుల మాట పొల్లుపోకుండా రాసుకొచ్చేవాళ్లు కావాలి. ఈ రంగంలో సగానికిపైగా పని ఇదే. కోర్టులో వాదన ఆ తర్వాత.

కాబట్టి తెలుగు మీడియంలో చదివామని వెనక్కి తగ్గకండి. వాంగ్మూలం, పంచనామా, అడంగల్ చాలావరకు తెలుగులోనే ఉంటాయి. హైకోర్టుకు వెళ్లే అఫిడవిట్ మాత్రం ఇంగ్లిషులో ఉండాలి. అర్థం చెడకుండా ఇటునుంచి అటు రాయగల జూనియర్‌ను ఏ సీనియరూ వదులుకోరు. ఆ ఇంగ్లిషు కష్టపడి నేర్చుకోవాల్సిందే, మినహాయింపు లేదు.

విశాఖ మన్యంలో గనుల లీజులపై పోరాడిన ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ హైకోర్టులో ఓడిపోయింది. 1997లో సుప్రీంకోర్టులో గెలిచింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా ప్రైవేటు కంపెనీకి లీజుకివ్వడం చెల్లదని తేలింది. ఏళ్ల తరబడి సాగే ఇలాంటి పనికి ఓపిక ఉందా లేదా అన్నది ముందే చూసుకోండి.

చదువు సంగతి. ఇంటర్ తర్వాత ఐదేళ్ల లా, డిగ్రీ తర్వాత మూడేళ్ల లా. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ లాసెట్ ప్రవేశ పరీక్ష ఉంది. హైదరాబాద్ నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయాల్లో ఐదేళ్ల కోర్సుకు క్లాట్ రాయాలి. బార్ కౌన్సిల్ ఎన్‌రోల్‌మెంట్‌కు చట్టంలో ఉన్న 750 రూపాయలకు, ఎస్సీ, ఎస్టీలైతే 125కు మించి వసూలు చేయకూడదని సుప్రీంకోర్టు 2024లో స్పష్టం చేసింది. వేలకు వేల ఫీజుకు భయపడి ఆగిపోయినవాళ్లకు ఇది నిజంగా మంచి వార్త. వేరే సబ్జెక్టు చదివినా దారి మూసుకుపోదు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన హక్కుల ఉద్యమకారుడు బాలగోపాల్ ఆ తర్వాతే వకీలయ్యారు.

డబ్బు గురించి దాపరికం వద్దు. పౌరహక్కుల సంఘం, మానవ హక్కుల వేదిక వంటివి సభ్యుల స్వచ్ఛంద కృషితో నడిచేవి, అక్కడ జీతం ఆశించకండి. జీతాలిచ్చే స్వచ్ఛంద సంస్థలున్నాయి గానీ పోస్టులు తక్కువ. అందుకే ముందు ఒక మంచి సీనియర్ దగ్గర రెండు మూడేళ్లు జిల్లా కోర్టులో సివిల్, క్రిమినల్ కేసులు నేర్చుకోండి. హక్కుల కేసులు పక్కనే నడపొచ్చు. చదువుకుంటున్నప్పుడే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో పారా లీగల్ వలంటీరుగా చేరే వీలుంది.

ఈలోగా ఒక పని చేయండి. మీ ఊరి సంక్షేమ హాస్టల్‌కు ఈ ఏడాది ఎంత డబ్బు వచ్చింది, దేనికి ఖర్చయిందని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు వేయండి. ఆ కాగితాలన్నీ తేదీల వారీగా ఫైలు చేసి, ఇంటర్న్‌షిప్ అడిగేటప్పుడు మీ బయోడేటాకు జతచేయండి.