నాగార్జునకొండ దీవి: చూడవలసిన తీరు

విహారయాత్ర అనగానే మన విద్యార్థుల మనస్సు దూరదేశములకు పరుగెత్తును. భూగోళ పాఠములో మధ్యధరా సముద్రపు దీవులను గూర్చి చెప్పునపుడు తరగతిలో నెలకొను నిశ్శబ్దము నేనెరుగుదును. సైప్రస్ దీవినే తీసికొందము. ట్రూడోస్ పర్వతములపై అడవులు, ఆ కొండలలో గోడల నిండ చిత్రములు గల ప్రాచీన క్రైస్తవ దేవాలయములు, పాఫోస్ సమీపమున గ్రీకుల ప్రేమదేవత ఆఫ్రొడైటీ పుట్టినదని చెప్పుకొను సముద్రతీరశిల, సలామిస్‌లో రోమకుల నాటకశాల, లార్నకా ఉప్పు సరస్సు గట్టున హాలా సుల్తాన్ తెక్కె అను ముస్లిముల పుణ్యస్థలము, ఇవన్నియు ఒక్క దీవిలో కలవు. ఉర్దూలో సైరు వేరు, జియారతు వేరు. మొదటిది కన్నుల కొరకు, రెండవది మనస్సు కొరకు. ఆ రెంటిని ఒక్క లాంచీ ప్రయాణములో పొందగల దీవి మనకును కలదు.

అది నాగార్జునకొండ. పూర్వపు గుంటూరు జిల్లాలోనిది. 2022 ఏప్రిల్ నుండి పల్నాడు జిల్లాలోనిది. గుంటూరు నుండి సత్తెనపల్లి, పిడుగురాళ్ల మీదుగా మాచర్ల చేరి, అచ్చటి నుండి సుమారు పాతిక కిలోమీటర్లు పోయినచో విజయపురి సౌత్ వచ్చును. అచ్చట లాంచీ ఎక్కవలెను. విద్యార్థులతో నేనా దీవికి పలుమార్లు వెళ్లితిని. మొదటి పర్యాయము ఒక విద్యార్థి స్తూపము ప్రక్కన పులిహోర పొట్లము విప్పుచు, “ఈ ఇటుకల దిబ్బ చూడ్డానికి ఇంత దూరం రావాలా సార్?” అని అడిగెను. నాకు కోపము వచ్చినమాట నిజము. తిరుగు ప్రయాణములో ఆలోచింపగా తప్పు వానిది కాదని తోచినది. అచ్చట చూడవలసినది ఏదియో బయలుదేరుటకు ముందు నేను చెప్పియుండలేదు. ఆ లోటు ఇప్పుడు తీర్చుకొనుచున్నాను.

మొదట తెలిసికొనవలసినది, అది పుట్టుకతో దీవి కాదు. నల్లమల కొండల శాఖలు మూడు వైపుల, కృష్ణానది నాలుగవ వైపున కాపుకాయు లోయ యొకటి అచ్చట ఉండెను. క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో, శాతవాహనుల పిమ్మట, ఇక్ష్వాకు రాజులు ఆ లోయలో విజయపురి అను రాజధానిని నెలకొల్పిరి. నడుమనున్న కొండపై మధ్యయుగమున కోట కట్టిరి. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేసెను. 1967లో ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలెను. లోయ మునిగినది, కొండ తల మాత్రము నీటిపై మిగిలినది. ఆ తలనే మనము దీవి యనుచున్నాము.

అట్లయినచో దీవిపై నున్న స్తూపములు, విహారములు ఎచ్చటివి? ఇదియే అసలు ప్రశ్న. 1926లో ఆ లోయలో శిథిలములను గుర్తించిరి. 1927 నుండి 1931 వరకు లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ త్రవ్వించిరి. ఆనకట్ట నిర్ణయమైన పిమ్మట 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వమున లోయ అంతటను త్రవ్వకములు సాగినవి. నూటికి పైగా స్థలములు బయల్పడినవి. పాతరాతియుగపు పనిముట్ల నుండి మధ్యయుగపు కోట వరకు మానవుని అడుగులు ఆ ఒక్క లోయలో వరుసగా దొరకినవి. నీరు వచ్చులోపల ముఖ్యమైన తొమ్మిది కట్టడములను లోయ నుండి ఎత్తి కొండపై తిరిగి కట్టిరి. మరి పదునాలుగింటికి నమూనాలు చేసి నిలిపిరి. అనగా దీవిపై మనము చూచు రాయి నిజము, అది నిలిచిన చోటు నిజము కాదు. నదికి దిగు మెట్లతో కట్టిన స్నానఘట్టము కొండ మీద ఎందుకున్నదని ఆశ్చర్యపడని విద్యార్థి దానిని చూడలేదనియే చెప్పవలెను. ఏది తరలించిన కట్టడము, ఏది నమూనా అని ప్రతిచోట అడిగి తెలిసికొనుడు. ఆ ప్రశ్నతో నడచినవానికి ఇటుకల దిబ్బ ఇటుకల దిబ్బగా కనిపించదు.

మహాచైత్యము వద్ద కొంతసేపు ఆగుడు. దాని వ్యాసము సుమారు 106 అడుగులు. పైనుండి చూచినచో బండిచక్రము వలె నుండును. నడుమ ఇరుసు, దాని నుండి ఆకులవలె బయలుదేరు ఇటుక గోడలు, చుట్టును వలయములు. గోడల నడుమ ఖాళీలను మట్టితో నింపి పైన గుమ్మటము కట్టిరి. తక్కువ ఇటుకతో గొప్ప బరువును నిలుపు ఉపాయమిది. ధర్మచక్రమునకు గుర్తు అనువారును కలరు. రెండును నిజము కావచ్చును. ఇంజనీరు ఒకటి చూచును, భక్తుడు మరొకటి చూచును. నాలుగు దిక్కుల ఐదేసి ఆయక స్తంభములు నిలిపిరి. వానిపై శాసనములు చెక్కించినది చాంతసిరి, రాజ్యస్థాపకుడైన చాంతమూలుని సోదరి. ఆమె మేనల్లుడు వీరపురుషదత్తుని ఆరవ పాలన సంవత్సరమున ఆ దానములు జరిగినవి.

ఇచ్చట ఒక విశేషము గమనింపదగును. చాంతమూలుడు అశ్వమేధము చేసిన వైదికుడు. ఆతని చెల్లెలు బౌద్ధ సంఘమునకు దాత. ఒకే యింటిలో రెండు మార్గములు ఇమిడినవి. లోయలో బౌద్ధ విహారములు ఎన్నియో ఉండగా, నది యొడ్డున పుష్పభద్రస్వామి, అష్టభుజస్వామి, కార్తికేయుల ఆలయములును ఉండెను. బిడ్డల తల్లి హారీతికి వేరొక గుడి కలదు. ఆమె బౌద్ధ దేవతయో, ఊరి దేవతయో అని పండితులు వాదించుకొనుచుండగా, బిడ్డకు జ్వరము వచ్చిన తల్లి ఆ ప్రశ్న వేసియుండదు.

మన విద్యార్థినులు విశేషముగ చదువవలసిన శాసనము బోధిసిరిది. ఆమె రాజకుటుంబమునకు చెందని ఉపాసిక. వీరపురుషదత్తుని పదునాలుగవ సంవత్సరమున, తంబపన్ని, అనగా సింహళదేశపు భిక్షువుల కొరకు చైత్యగృహము కట్టించెను. ఆ భిక్షువులు ధర్మము చాటిన దేశముల పట్టిక ఆ రాతిపై కలదు. కాశ్మీరము, గాంధారము, చీనము, వంగము, వనవాసి, యవనము, ద్రమిళము అందున్నవి. తన దానములలో కంటకసేలను గూడ ఆమె చేర్చెను. అది నేటి కృష్ణాజిల్లా ఘంటసాల. ఆ రేవు పేరునే రెండవ శతాబ్దిలో మధ్యధరా తీరమందలి అలెగ్జాండ్రియాలో కూర్చున్న టాలెమీ తన భూగోళ గ్రంథమున వ్రాసికొనెను. ఒక పల్నాటి యిల్లాలికి యవనదేశపు పేరు తెలిసినది. ఒక అలెగ్జాండ్రియా పండితునికి మన రేవు పేరు తెలిసినది. లోయలో దొరకిన రోమను బంగారు నాణెములు ఈ పరిచయమునకు సాక్ష్యము. నేడు సైప్రస్ పటమును చూచి మురియు మనకు ఆ చుట్టరికము పాతదని తెలియవలెను.

ఆ వర్తకము వచ్చిన చోట ఒక్కమాట. మిరప లేని గుంటూరును మనము ఊహింపజాలము గాని, విజయపురి వంటయిండ్లలో మిరపకాయ లేదు. అది అమెరికా ఖండమున పుట్టి, పదునారవ శతాబ్దిలో పోర్చుగీసువారి ఓడలపై మన దేశమునకు వచ్చినది. ఇక్ష్వాకులు కారమునకు మిరియములు వాడియుందురు. విద్యార్థులు ఈ సంగతి చదువుతో గాక జాలితో జ్ఞాపకముంచుకొందురని నా అనుభవము.

దీవిపైని మ్యూజియము 1966లో ఏర్పడినది. లేత ఆకుపచ్చ పలకరాతిపై మాంధాత కథ చూడదగినది. ఈ మ్యూజియము శుక్రవారము మూసియుండును. మన కళాశాల నుండి పోవువారు ఈ సంగతి మరువరాదు. నీటిమట్టమును, గాలిని బట్టి లాంచీలు ఆగిపోవుటయు కద్దు. ముందుగా విచారించి కదలుడు. ఒడ్డుననే అనుపు అను చోట లోయ నుండి తెచ్చిన రంగభూమి కలదు. నాలుగు ప్రక్కల మెట్లు గల ఆ చతురస్రపు ఆవరణ రోమకుల క్రీడాస్థలములను తలపించును. మాచర్ల దారిలో ఎత్తిపోతల జలపాతము, చంద్రవంక నీరు సుమారు 70 అడుగుల ఎత్తు నుండి పడుట, దిగువ మడుగులో మొసళ్లు, గట్టున దత్తాత్రేయ, రంగనాథ ఆలయములు చూడవచ్చును. ఎడమ గట్టున తెలంగాణలో 2022 మే నెలలో బుద్ధవనము ప్రారంభమైనది.

ఇట్టి తరలింపు మనవద్దనే జరిగినది కాదు. ఈజిప్టులో ఆస్వాన్ ఎత్తైన ఆనకట్టతో నైలు పొంగి దేవాలయములు మునుగనుండగా, 1960లో యునెస్కో ప్రపంచమును పిలిచినది. 1964, 1968 సంవత్సరముల నడుమ అబూ సింబెల్‌ను రాయిరాయిగా కోసి ఎత్తిరి. ఫిలే దేవాలయములను ఒక దీవి నుండి మరియొక దీవికి మార్చి 1980లో తెరచిరి. ప్రపంచము దానిని అద్భుతమనెను. ఆ పిలుపుకు ఆరేండ్ల ముందే మనవారు ఎండలో నిలిచి లోయను త్రవ్వుచుండిరని ఎందరికి తెలియును?

దక్కినది తొమ్మిది కట్టడములు. దక్కనిది నూటికి పైగా స్థలముల నేల. అది తప్పా అని విద్యార్థులు అడుగుదురు. నేను సులభముగా సమాధానము చెప్పజాలను. జవహర్ కాలువ 203 కిలోమీటర్లు ప్రవహించి గుంటూరు, ప్రకాశం ప్రాంతములకు చేరుచున్నది. అద్దంకి, దర్శి, ఒంగోలు శాఖాకాలువల వెంట పత్తి, మిరప పండించువారి బిడ్డలు నా తరగతిలో కూర్చుందురు. వారి ఫీజులలో ఆ నీరు కలదు. నేను ఆ పైరు తినుచు ఆనకట్టను నిందింపలేను, స్తూపములను చూచి ఆనకట్టను పొగడనూ లేను.

కొన్ని సంవత్సరముల క్రిందట తిరుగు లాంచీలో ఒక వృద్ధుడు మా ప్రక్కన కూర్చుండెను. మునిగిన పల్లె నుండి చిన్నతనమున లేచి వచ్చినవాడు. పిల్లలు కోటగోడను ఫోటోలు తీసికొనుచుండగా ఆయన అటు చూడక, నీటివైపు చేయి చాచి, “మా బావి అదిగో, ఆ అల దగ్గర” అనెను. విద్యార్థులందరు ఒక్కసారిగా ఆ వైపునకు వంగిరి. అలలు తప్ప ఏమియు కనిపించలేదు. అయినను లాంచీ ఒడ్డు చేరువరకు ఎవరును అటునుండి చూపు త్రిప్పలేదు.