లేచే వేళతో మొదలుపెట్టు

చి. శారదకు,


నిద్రలేమి ఉన్నవాళ్లకు వీడియో కాల్‌లో థెరపీ మొదలుపెడుతున్నానని, ఎదురుగా కూర్చోకుండా పని జరుగుతుందా అని రాశావు. జరుగుతుంది. ఈ వైద్యంలో అసలు పనంతా మనం లేనప్పుడు, వాళ్ల పడకగదిలో సాగుతుంది. మన చేతికి అందేది, వాళ్లు పడుకున్న, లేచిన వేళలు రాసే నిద్ర డైరీ ఒక్కటే. అది ఫోన్‌లోనూ అందుతుంది.

వారానికి కనీసం 3 రాత్రులు, 3 నెలలకు పైగా నిద్ర పట్టక, పగలు కూడా ఇబ్బంది పడుతుంటే అది దీర్ఘకాలిక నిద్రలేమి. పెద్దవాళ్లలో దీనికి ముందుగా కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీయే ఇవ్వాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సూచించింది.

కాల్ కలవగానే వాళ్లు ఎక్కడున్నారో, అవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలో రాసుకో. గట్టి గురక, మూర్ఛ, బైపోలార్, డ్రైవింగ్ పని ఉన్నాయేమో అడుగు. ఉంటే డాక్టరును సంప్రదించకుండా మంచం మీద ఉండే సమయం తగ్గించకు. నిద్రమాత్రలు సొంతంగా ఆపేయొద్దని చెప్పు.

తర్వాత డైరీ చూసి లెక్క. ఒకాయన రాత్రి 10కి పడుకుని 6.30కి లేస్తాడనుకో. మంచం మీద ఎనిమిదిన్నర గంటలు, నిద్ర ఐదున్నర గంటలే. అంటే మంచం మీద ఉన్న సమయంలో నిద్ర 65 శాతం. మంచం మీద ఉండే సమయాన్ని నిద్రపోయే సమయానికి కుదించాలని ఆర్థర్ స్పీల్‌మన్ 1987లో ప్రచురించిన పద్ధతి ఇక్కడే పనికొస్తుంది. లేచే వేళ 5.30కి ఖాయం చేసి, అర్ధరాత్రి దాకా పడుకోవద్దను. నిద్ర 85-90 శాతానికి చేరాక వారానికి 15 నిమిషాలు కలుపుతూ పో. ఎంత తగ్గించినా 5 గంటల కంటే దిగకు. సాయంత్రం చిరుతిళ్లు తిన్నవాడికి రాత్రి అన్నం సహించదు; పగటి కునుకూ అంతే.

పడక నిద్రకే ఉండాలి, పట్టకపోతే లేచి వెళ్లాలి అన్నది రిచర్డ్ బూట్‌జిన్ 1972 నుంచి చెప్పిన మాట. ఇక్కడ కెమెరా నీకు మేలు చేస్తుంది. పడుకునే చోటు చూపించమను. ఇల్లంతా ఒకటే గదైతే "వేరే గదిలోకి వెళ్లండి" అన్న సలహా వృథా అని నీకే తెలుస్తుంది. అప్పుడు లేచి కూర్చోవడానికి కిటికీ పక్కన కుర్చీ వేయించు.

మొదటి రెండు వారాలు పగలు మత్తుగా ఉంటుంది, "నావల్ల కాదమ్మా" అంటారు. ఇలా అవుతుందని ముందే చెప్పి ఉంచు. ఆ రోజుల్లో బండి నడపొద్దను. వారం మధ్యలో ఐదు నిమిషాలు ఫోన్ చెయ్యి. చాలామంది మానేసేది అప్పుడే. దూరంగా ఉన్నవాళ్లయితే చెప్పకుండానే మానేస్తారు.

మొదటి డైరీ రాగానే పేరు కొట్టేసి పంపు, లెక్క సరిచూస్తాను.

మీ పెద్దమ్మ