నశ్యం డబ్బా మీద నాలుగు ముద్రలు

సంక్రాంతి సెలవుల్లో అమ్మతో బంగారం షాపుకెళ్ళాను, అమ్మమ్మ గొలుసు ఇచ్చేసి గాజులు తీసుకుందామని. షాపతను గొలుసు అటూ ఇటూ తిప్పి "హాల్‌మార్క్ లేదు కదమ్మా, తరుగు తీసేస్తాం" అన్నాడు. కొత్త గాజు మీదున్న ఆరు అక్షరాల హెచ్‌యూఐడీని బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే మాత్రం వివరాలన్నీ వచ్చేశాయి. మరి యాప్ లేని కాలంలో? వెతుకుతూ వెతుకుతూ పద్దెనిమిదో శతాబ్దపు పారిస్‌లో తేలాను.

అక్కడి గొప్పవాళ్ళు నశ్యం బంగారు డబ్బాల్లో పెట్టుకునేవాళ్ళు. (మన తాతల పొడుమే, డబ్బా రేటు వేరు.) విప్లవానికి ముందు పారిస్‌లో చేసిన డబ్బా లోపల మామూలుగా నాలుగు ముద్రలుంటాయి. మొదటిది చేసినవాడిది: కిరీటం, లిల్లీ పువ్వు, రెండు చుక్కలు, పేరులోని పొడి అక్షరాలు, అతనికే చెందిన ఒక చిన్న గుర్తు. ఆ చుక్కలు అలంకారం కాదు, బంగారం స్వచ్ఛతలో చట్టం ఒప్పుకున్న కొద్దిపాటి తేడాకి గుర్తు. ఎర్రర్ టాలరెన్స్‌ని ముద్రలోనే పెట్టేశారన్నమాట!

పని మొదలవగానే పన్ను గుత్తేదారు ఒక ముద్ర వేస్తాడు. స్వర్ణకారుల సంఘం బంగారాన్ని పరీక్షించి ఆ ఏడాది అక్షరం కొడుతుంది. పన్ను కట్టాక ఇంకో బుల్లి ముద్ర. ఏడాది అక్షరాలు అయిపోతే మళ్ళీ ఏ నుంచే మొదలు, కాబట్టి అదొక్కటే చూస్తే సంవత్సరం తేలదు. గుత్తేదారు మారితే పన్ను ముద్రలు మారతాయి. రెండూ కలిపి చూడాలి, డేటాబేస్‌లో కాంపోజిట్ కీ లాగా.

అసలు చిక్కు జర్మనీలోని హానావ్‌తో. అక్కడి స్వర్ణకారులు పారిస్ పద్ధతిలో డబ్బాలు చేసి, పారిస్ ముద్రల్లాంటివే కొట్టేవాళ్ళు. పారిస్ పేరుకి గిరాకీ మరి. దూరం నుంచి అచ్చు అలాగే ఉంటాయి. లెన్స్ పెడితే ఆ పొడి అక్షరాలు పారిస్ రికార్డుల్లో ఎవరివీ కావు, లేదా ఒక ముద్ర కాలం ఇంకోదానితో కలవదు. నేను మొదట వీటిని నకిలీలని కొట్టిపారేశాను. ఫొటోలు చూశాక మాట మార్చుకున్నాను, ముద్ర దొంగదేమో గానీ పనితనం కాదు.

ఇంకో బోల్తా గుడ్లగూబ ముద్ర. అది ఫ్రాన్స్‌దే, కానీ 1893 నుంచి బయట నుంచి వచ్చిన బంగారం మీద కొట్టింది. అంటే డబ్బా ఎక్కడ పుట్టిందో కాదు, ఎటు తిరిగిందో చెబుతుంది.

ఇదంతా చదివాక అమ్మమ్మ గొలుసు కొక్కేన్ని ఫోన్ కెమెరాలో జూమ్ చేశాను. అరిగిపోయిన రెండు తెలుగు అక్షరాలు! ఫోన్ చేస్తే అమ్మమ్మ "మా ఊరి కంసాలి చేశాడ్రా, పేరు గుర్తొస్తే చెప్తా" అంది. గొలుసు మార్చడం ప్రస్తుతానికి ఆగింది.