మైనానికీ ఊరు చూడాలి

పిల్లలూ, మే నెలలో ప్రేమ్ బజార్‌లో కొన్న కొవ్వొత్తి మా కిటికీలో ఎండకు వంగిపోయింది. అంతకుముందు నేను పనిచేసిన చలి ఊళ్లో అలాంటి కొవ్వొత్తే కిందపడి పుటుక్కున విరిగింది. ఈ తేడా ఆసుపత్రి ప్రయోగశాలకు చాలా ముఖ్యం.

రోగి ఒంట్లోంచి తీసిన చిన్న ముక్కను సూక్ష్మదర్శినిలో చూడాలంటే మిల్లీమీటరులో 200వ వంతు మందాన కోయాలి. మెత్తని కణజాలం అలా తెగదు. అందుకే దానికి మైనం పట్టిస్తారు. ముందు ఫార్మలిన్‌లో ఉంచి చెడకుండా చేస్తారు. మైనం నీటితో కలవదు కనుక ఆల్కహాల్‌తో నీటిని తీసేస్తారు. మైనం ఆల్కహాల్‌తోనూ కలవదు. జైలీన్ రెండింటితోనూ కలుస్తుంది. కాబట్టి జైలీన్ తరువాతే కరిగిన పారఫిన్ మైనం లోపలికి ఇంకుతుంది. చల్లారితే గట్టి దిమ్మ అవుతుంది.

ఏ మైనం వాడాలి? సాధారణంగా 56–58 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగేది వాడతారు. వేడి గదిలో 60 డిగ్రీల దగ్గర కరిగే గట్టి మైనం మేలు. మెత్తనిదైతే కోతలో నలుగుతుంది. చలి గదిలో గట్టి మైనం పెళుసై పగులుతుంది. కరిగించేటప్పుడు రెండు మూడు డిగ్రీలే ఎక్కువ ఉంచాలి. మరీ వేడైతే కణజాలం ముడుచుకుపోతుంది. ఆ ముక్క పాడైతే మళ్లీ దొరకకపోవచ్చు. క్యాన్సరా, కాదా అన్న జవాబూ దానితోనే పోతుంది.

కొత్త పదాలు
కణజాలం: కలిసి ఒకే పని చేసే కణాల గుంపు
పెళుసు: వంగకుండా విరిగే గుణం

ఆలోచించండి
1. జైలీన్ లేకపోతే మైనం ఎందుకు ఇంకదు?
2. మీరు ఇప్పటిదాకా ఉన్న ఊళ్లలో దేనికి గట్టి మైనం, దేనికి మెత్తనిది ఎంచుతారు? ఎందుకు?